తొక్కినట్టా, తొక్కనట్టా: కరెంటు సైకిళ్లు అమ్మిన రోజులు

రిటైరైన కుర్రాడు

నా వయసు ముప్పై నాలుగు. నేను రిటైరయ్యాను.

ఈ మాట నా అంతట నేను అనుకున్నది కాదు. చిత్తూరు దగ్గర మా ఊళ్లో మా అమ్మ అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ఇదే చెబుతోంది. "మావాడు తిరపతిలో కరెంటు బండ్ల ఉజ్జోగం చేసినాడు. ఇంగ రిటైరైనాడు" అని. ఉద్యోగం పోయిందంటే పిల్లనివ్వరట. రిటైరయ్యాడంటే ఎట్లా ఇస్తారో నాకు అర్థం కాలేదు. అమ్మను అడిగితే, "నువ్వు మాట్లాడొద్దు, నేను చూసుకుంటా" అంది. నేను మామిడి తోటలో కూర్చుని ఇది రాసుకుంటున్నాను.

నిజానికి జరిగింది చిన్న సంగతి. నేను పనిచేసిన షోరూం ఓనరు ఒకరోజు కరెంటు బండ్లన్నీ ఇంకొకరికి అప్పజెప్పేసి, అదే గదిలో పెళ్లి కార్డుల కొట్టు పెట్టాడు. "ఇంగ నాకు నెమ్మది అబ్బా. పెళ్లి కార్డుకు ఎవుడూ టెస్టు రైడు అడగడు" అన్నాడు. అంతటితో నా వృత్తి జీవితం ముగిసింది. సన్మానం లేదు, శాలువా లేదు. ఒక నమూనా పెళ్లి కార్డు ఇచ్చాడు. అందులో వరుడి పేరు దగ్గర ఖాళీ ఉంది.

ఇప్పుడు మా పిన్ని కొడుకు నాయుడుపేటలో కరెంటు బండ్ల షోరూములో చేరబోతున్నాడు. "అన్నా, ఆ పనిలో నిజంగా ఏముంటాది?" అని అడిగాడు. బండి గురించి కంపెనీ వాళ్లు చెబుతారు, జీతం గురించి ఎవరూ చెప్పరు. ఆ రెండూ కాకుండా మిగిలినది నేను రాస్తున్నాను. మధ్యలో యువతకు సందేశం లాంటిది ఏమన్నా కనబడితే ఆ పేరా వదిలేసి ముందుకు పో తమ్ముడూ.

ఇది సైకిలా, బండా?

మా షోరూంలో కరెంటు స్కూటర్లు ఉండేవి, కరెంటు సైకిళ్లు ఉండేవి. స్కూటరు అమ్మడం సులువు. పెట్రోలు పోసేచోట కరెంటు పోస్తామని చెబితే సరిపోతుంది. మాట తెలివి ఉన్నవాళ్లకు స్కూటర్లు ఇచ్చారు. నాకు సైకిళ్లు ఇచ్చారు.

ఈ సైకిలు సంగతి విను. చూడ్డానికి సైకిలే. చక్రంలో చిన్న మోటారు, కడ్డీ మీద బ్యాటరీ. నువ్వు తొక్కితేనే మోటారు కదులుతుంది, నువ్వు ఆపితే అదీ ఆగుతుంది. హ్యాండిలు దగ్గర ఒక చిన్న మీటరు, అందులో అంకెలు. ఒకటి పెడితే కొంచెం సాయం, అయిదు పెడితే వెనక నుంచి ఎవరో తోసినట్టు. మొత్తం ఆపేస్తే మామూలు సైకిలు. ఇంతే. ఇంత తేలికైన విషయాన్ని మనుషులకు చెప్పడంలో నా యవ్వనం గడిచిపోయింది.

"ఇది సైకిలా, బండా?"

"సైకిలే సార్. మోటారు సాయం చేస్తాది."

"మోటారుంటే బండి గదప్పా."

"తొక్కాల సార్."

"తొక్కేదానికైతే మోటారెందుకు?"

"సాయానికి సార్."

"సాయం చేసేదైతే పూర్తిగా చేయొచ్చు గదా, సగం సాయం ఏంది? మా బామ్మర్ది మాదిరి."

ఈ మాటకు జవాబు కంపెనీ ట్రైనింగులో లేదు. వాళ్లు మాకు బ్యాటరీ ఆయుష్షు గురించి చెప్పారు, పర్యావరణం గురించి చెప్పారు. బామ్మర్ది గురించి చెప్పలేదు.

పాకాల వైపు నుంచి ఒక పెద్ద రైతు వచ్చాడు. పంచె పైకి కట్టి, షోరూం ముందు ఖాళీ స్థలంలో సైకిలు తొక్కుతూ చుట్లు కొట్టాడు. నవ్వుతున్నాడు. గంట కొట్టి కోళ్లను అదిలించాడు. అమ్ముడైపోయిందని నేను బిల్లు పుస్తకం తీశాను. ఆయన దిగాడు, పంచె దించాడు, ముఖం కూడా దించాడు.

"బాగుండాది. అయితే నేను కొనను."

"ఎందుకన్నా?"

"బుల్లెట్టు మింద తిరిగినోణ్ణి సైకిలు మింద సూస్తే ఊళ్లో ఏమంటారు? బోరు ఎండిపోయి తోపు అమ్ముకున్నాడంటారు."

"ఇది కరెంటు సైకిలన్నా."

"అది నీకూ నాకూ తెల్సు. గట్టుమింద నిలబడి సూసేవోడికి మోటారు కనపడతాదా?" కాసేపు ఆలోచించి ఆశగా అడిగాడు. "పెద్ద మోటారు ఏదన్నా ముందరపక్క కట్టియ్యగలరా? అది పనిచేయకపోయినా పర్వాలేదు."

పేపర్లలో రాస్తుంటారు, జనం కరెంటు బండ్లకు భయపడుతున్నారు, బ్యాటరీ పేలుతుందని, దారిలో ఆగిపోతుందని. ఆ భయాలు లేవనను. అయితే నేను చూసిన పెద్ద భయం గట్టు మీద నిలబడ్డవాడి గురించి. అతనికి ఏ కంపెనీ వారంటీ ఇవ్వదు.

బొట్టు పెట్టేచోటు

మా వైపు కొత్త బండి కొంటే ముందు దానికి పూజ చేయించాలి. నిమ్మకాయ తొక్కించాలి, కొబ్బరికాయ కొట్టాలి, పసుపు కుంకుమలు పెట్టాలి. ఒకాయన సైకిలు కొని నేరుగా కాణిపాకం తీసుకుపోయాడు. మూడోరోజు మోసుకొచ్చాడు, చార్జింగ్ ఎక్కడం లేదని.

మా మెకానిక్ సెల్వం మూత తీసి చూశాడు. సెల్వం గుడియాత్తం వైపువాడు, సగం తమిళం సగం తెలుగు మాట్లాడతాడు, కోపం వస్తే మాత్రం రెండూ మాట్లాడడు. చార్జింగ్ రంధ్రం నిండా గంధం, దాని మధ్యలో అందంగా కుంకుమ. ఆయన అత్తగారు పెట్టారట. ఆమె తప్పు కాదు. సైకిలు మొత్తం మీద గుండ్రంగా, నుదురు మాదిరి కనిపించే చోటు అదొక్కటే.

కంపెనీకి ఫోన్ చేసి చెబితే, "లోపలికి ఫారిన్ మెటీరియల్ పోయింది, వారంటీ రాదు" అన్నారు. కాణిపాకం కుంకుమ ఫారిన్ ఎట్లా అయిందో నాకు తెలియలేదు.

సెల్వం అదంతా శుభ్రం చేసి, ఆ రోజు నుంచి ప్రతి కొత్త సైకిలుకూ హ్యాండిలు కింద ఎర్రటి గుండ్రటి స్టిక్కరు అంటించడం మొదలుపెట్టాడు. దాని పక్కన "బొట్టు ఇక్కడ" అని రాసేవాడు. ఆ తర్వాత ఒక్క రంధ్రం కూడా మూసుకుపోలేదు. నువ్వు చేరే షోరూంలో ఇట్లాంటి స్టిక్కరు లేకపోతే మొదటి రోజే వేయించు.

ఓనరు సూత్రం

మా ఓనరు నాయుడు భారీ మనిషి. నాకు ఉద్యోగం ఇచ్చిన రోజే ఒక సూత్రం చెప్పాడు. "కస్టమరు అనుమానాలన్నీ తీర్చొద్దు. అన్నీ తీరినోడు నెమ్మదిగా ఇంటికి పోతాడు. రవ్వంత అనుమానం మిగిలినోడే కొని సూస్తాడు."

ఇది ధర్మమా, మోసమా అని నేను చాలారోజులు ఆలోచించాను. తేలలేదు. నా విషయంలో ఆ సూత్రం వేరే విధంగా నిజమైంది. కస్టమర్లకు అనుమానాలు పోయాయి, నాకు మిగిలాయి. అన్నింటికంటే పెద్ద అనుమానం శేషాచార్యులు గారు తెచ్చిపెట్టారు. మిగిలిందంతా ఆయన గురించే.

అయ్యవారి ప్రశ్న

శేషాచార్యులు గారు సంస్కృతం చెప్పి రిటైరైన అయ్యవారు. ఆయనది అసలైన రిటైర్మెంటు, పింఛను వచ్చే రకం. ఒకరోజు పొద్దున పాత నల్ల సైకిలును నడిపించుకుంటూ మా షోరూంకు వచ్చారు. సైకిలుకు ఒక పక్క ఆయన, ఇంకో పక్క ఆయన భార్య ఆండాళమ్మ గారు. ఆ రావడం చూస్తే ఎవరినో ఆసుపత్రికి పట్టుకొచ్చినట్టుంది.

ఆమే ముందు మాట్లాడారు. "ఈయనకు మోకాళ్లు అరిగిపోయినాయి నాయనా. సైకిలు తొక్కొద్దు, మిట్టల ఎక్కుడు అసలే వద్దు అన్నాడు డాక్టరు. ఈయన వినడు. ఈ కరెంటు సైకిల్లో కాళ్లకు శ్రమ ఉండదంట గదా?"

"శ్రమ ఉండదా?" అన్నారు అయ్యవారు. భయపడుతూ అన్నారు.

నేను ఆమె వైపు తిరిగి "ఉండదమ్మా" అన్నాను. ఆయన వైపు తిరిగి "ఉంటుంది సార్, రవ్వంత" అన్నాను. అమ్మకాల్లో ఉన్నవాడికి మెడ బాగా తిరగాలి.

తర్వాత సంగతి మెల్లిగా బయటపడింది. చాలా ఏళ్ల కిందట ఆండాళమ్మ గారికి ప్రాణం మీదికి వచ్చింది. వేలూరులో ఆపరేషను చేశారు. ఆ రోజు అయ్యవారు, తిరుచానూరులో ఒక వెనక వీధిలో ఉన్న చిన్న ఆంజనేయస్వామికి మొక్కుకున్నారు. ఈమె లేచి తిరిగితే, తన కాళ్లు ఆడినన్నాళ్లు ప్రతి శనివారం పెరట్లో తులసి కోసి, మాల కట్టి, తన కాళ్లతో సైకిలు తొక్కుకుంటూ తెచ్చి వేస్తానని. ఆమె లేచారు. ఆయన తొక్కుతున్నారు. అప్పటినుంచి వాన వచ్చినా, బ్రహ్మోత్సవాల రద్దీ వచ్చినా ఒక్క శనివారం తప్పలేదు.

మా ఓనరు చెమట తుడుచుకుంటూ అడిగాడు. "నడిచొస్తానని మొక్కుకోవచ్చు గదా సామీ, సైకిలెందుకు?"

"అప్పుడాయన చేతిలో సైకిలుండింది, అదే నోట్లోకొచ్చింది" అన్నారు ఆండాళమ్మ గారు. "కారుండి ఉంటే కారే మొక్కి ఉంటాడు, మాకు ఈ గోల తప్పి ఉండేది. నేను లేచినాను, తిరగతా ఉండాను, ఈయనకు వండి పెడతా ఉండాను. ఇంగ చాలు స్వామీ అని చెప్పుకోమంటే చెప్పడు."

అయ్యవారు నేల చూస్తూ అన్నారు. "నువ్వు తిరగతా ఉండావు గనకనే చెప్పలేను."

ఆమెను ఇప్పటికీ ఏడాదికోసారి వేలూరు తీసుకుపోయి పరీక్షలు చేయిస్తారట. ఆ నెల దగ్గరికొస్తోంది. మొక్కు ఆపితే ఆమెకేమన్నా అవుతుందని ఆయన భయం. ఆపకపోతే ఆయన మంచాన పడతారని ఆమె భయం. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు భయపడి, ఆ భయాన్ని తీసుకొచ్చి మా కౌంటరు మీద పెట్టారు. నేను దాని మీద జీఎస్టీ లెక్క వేయాలి.

అయ్యవారు సైకిలు చుట్టూ తిరిగి చూసి అసలు ప్రశ్న వేశారు. "నాయనా, ఇందులో పోతే నేను తొక్కినట్టా, తొక్కనట్టా?"

ఓనరు ముందుకొచ్చాడు. "సైకిలు సైను తిరగతా ఉంటే తొక్కినట్టే సామీ. మీ కాళ్లు తిరగకుంటే సైను తిరగదు. ఇంగ అనుమానమేముండాది?"

సెల్వం పానా పక్కన పెట్టి వచ్చాడు. "ఆంజనేయసామి గాలిదేవుడి కొడుకు గదా సామీ. ఎగిరేటప్పుడు వాళ్ల నాయన వెనకనించి రవ్వంత ఊది ఉండడా? ఆ సామికే అసిస్టు ఉండేటప్పుడు మీకు ఉంటే తప్పా?"

అయ్యవారు దాన్ని నిజంగానే ఆలోచించారు. "ఊదినాడని ఎక్కడా లేదప్పా."

"ఊదలేదనీ లేదు గదా?"

"ఇది వాదం కాదు, బేరం" అన్నారు అయ్యవారు. సెల్వం ముఖం ముడుచుకుని వెళ్లిపోయాడు. ఆ రోజంతా ఏ భాషా మాట్లాడలేదు.

అయ్యవారు నా వైపు తిరిగారు. "నువ్వు చదువుకున్నోడివి. ఒకటో నంబరు పెడితే నా శ్రమ ఎంత, దాని శ్రమ ఎంత?"

నాకు తెలియదు. కంపెనీ ఇంజనీరుకు ఫోన్ చేశాను. అతను రోడ్డును బట్టి, గాలిని బట్టి, మనిషిని బట్టి ఉంటుందన్నాడు. ఫోన్ పెట్టేశాను.

"ఎవరికీ సరిగ్గా తెలీదంట సార్."

"దేవుడికి తెలుస్తాది సామీ, మీరు తీసుకోండి" అన్నాడు ఓనరు, అమ్మకం పూర్తయిందనుకుని.

"అదే నా భయం" అన్నారు అయ్యవారు.

చివరికి తేల్చింది ఆండాళమ్మ గారు. "ఇది మాకు కట్టియ్యండప్పా" అన్నారు, మైసూర్‌పాకు కట్టించుకున్నట్టు. మేము ఆ పాత నల్ల సైకిలు తీసుకుని, కొత్తది ఇచ్చి, బొట్టు ఎక్కడ పెట్టాలో చూపించి పంపించాం. నాకు చాలా తృప్తిగా అనిపించింది. తమ్ముడూ, ఈ వృత్తిలో అమ్మిన రోజు తృప్తిని నమ్మొద్దు. మొదటి సర్వీసు దాకా ఆగు.

టైరు ఒకటి చెప్పింది, మీటరు ఇంకొకటి

మొదటి సర్వీసుకు ఇద్దరూ వచ్చారు. అయ్యవారు కుంటుతున్నారు, మునుపటికంటే ఎక్కువ. ఆండాళమ్మ గారు నన్ను నిలదీశారు. "ఏం సైకిలిచ్చినావు నాయనా? కాళ్లకు శ్రమ ఉండదంటివి. ఇప్పుడు మెట్లు కూడా ఎక్కలేకుండా ఉండాడు."

సెల్వం సైకిలును స్టాండు మీద పెట్టి చక్రం తిప్పాడు, బ్రేకులు చూశాడు, మీటరు వెలిగించాడు. తర్వాత నన్ను పిలిచాడు. పిలిస్తే పిలిచాడు, గొంతు తగ్గించి పిలవొచ్చు గదా.

"అన్నా, ఈడ సూడు! టైరు సూస్తే తిరపతి అంతా తిరిగినట్టుండాది. మీటరు సూస్తే మన షోరూం సందు కూడా దాటలే. బ్యాటరీ మనమిచ్చింది ఇచ్చినట్టే ఉండాది."

మీటరు ఆపేసి తొక్కితే అది దూరం లెక్కపెట్టదు. ఈ సంగతి నాకు తెలుసు, సెల్వానికి తెలుసు. అయ్యవారి ముఖం చూడగానే ఆండాళమ్మ గారికీ తెలిసిపోయింది. నేను అడ్డం పడ్డాను.

"మీటరు చెడిపోయిందేమోనమ్మా, ఒక్కోసారి..."

"నువ్వుండు నాయనా" అన్నారామె. ఆయన వైపు తిరిగారు. "మోటారు వేసుకోవడం లేదా?"

అయ్యవారు బడిలో దొరికిపోయిన పిల్లవాడి మాదిరి నిలబడ్డారు. "వేస్తా ఉండా. వీధి మలుపు దాకా వేస్తా ఉండా. నువ్వు వాకిట్లో నిలబడి చూస్తావు గదా."

"మలుపు తిరిగినాక?"

"ఆపేస్తా."

మోటారు వేయకపోతే ఆ సైకిలు ఎద్దు లేని బండి. బ్యాటరీ, మోటారు, వాటి ఇనుము అంతా కాళ్లతోనే లాగాలి. పాత నల్ల సైకిలే దీనికంటే ఎంతో తేలిక. అంటే ఆయన మోకాళ్లను కాపాడ్డానికి మేము ఆయనకు ఎక్కువ బరువు ఇచ్చి పంపాం, ఆయన ఆ బరువును తిరుచానూరు దాకా లాగి, మాల వేసి, మళ్లీ లాక్కొచ్చారు. వారం వారం. కొన్నవాడు వాడకపోతే ఏం చేయాలో కంపెనీ పుస్తకంలో ఉంది. కొన్నవాడు దాన్ని మోసుకు తిరిగితే ఏం చేయాలో లేదు.

ఆండాళమ్మ గారు అరుస్తారనుకున్నాను. అరిస్తే బాగుండేది. ప్లాస్టిక్ కుర్చీలో కూలబడి, కొంగు సర్దుకుని, నెమ్మదిగా అన్నారు. "రేపు నువ్వు మంచాన పడితే నిన్ను ఎత్తి కూర్చోబెట్టాల్సింది నేనే గదా. నా పొట్ట కోసిన చోట అంత బలముందా? నా కోసరమే మొక్కితివి, నన్నే పడేస్తా ఉండావు."

"వచ్చే నెల వేలూరు పోతాము గదా. రిపోర్టు బాగా వస్తే అప్పుడు చూద్దాం."

"పోయినేడూ ఇదే మాట చెప్పినావు."

"పోయినేడూ బాగానే వచ్చింది గదా" అన్నారు అయ్యవారు. ఆ మాటతో తన వాదం గెలిచిందని అనుకున్నట్టున్నారు. గెలిచినట్టే ఉంది కూడా. ఓనరు లోపలి గదిలోకి వెళ్లి పనిలేకపోయినా ఫోన్ మాట్లాడుతున్నాడు.

నేనే చెప్పాను. "సార్, మోటారు లేకుండా తొక్కేటట్టయితే ఇది మీకు వద్దు. మీ పాత సైకిలు తెప్పించి ఇస్తాను. ఇది వాపసు తీసుకుంటాం." ఫోన్‌లో లేని మనిషితో మాట్లాడుతున్న ఓనరు లోపలి నుంచి గట్టిగా దగ్గాడు. నేను పట్టించుకోలేదు.

"పాతదైతే మోకాళ్లు బాగవుతాయా?" అని అడిగారు ఆండాళమ్మ గారు.

"కావమ్మా. కొంచెం నెమ్మదిగా పాడవుతాయి."

ఆమె సైకిలు వంక చాలాసేపు చూశారు. తర్వాత లేచి వెళ్లి, వెనక ఉన్న క్యారియరును చేత్తో అదిమి చూశారు.

"ఇది మనిషిని మోస్తుందా?"

సెల్వం తల అడ్డంగా ఊపాడు. "కంపెనీ వద్దంటాది అమ్మా."

"కంపెనీ సంగతి కాదప్పా. ఇనుము సంగతి చెప్పు."

సెల్వం వంగి బోల్టులు చూశాడు. "దీన్ని మార్చి, లావు కడ్డీ వేసి, కాళ్లు పెట్టుకునేదానికి అడుగు కట్టితే, ఇనుము మోస్తాది."

ఆండాళమ్మ గారు అయ్యవారి వైపు తిరిగారు. "అయితే శనివారం నేనూ వస్తా. నీ బరువు నువ్వు తొక్కు. నీ తులసిమాల బరువూ నువ్వే లాగు. నా బరువు మోటారు లాగుతుంది. నన్ను గూడా నీ కాళ్లతో మోసుకొస్తానని స్వామికి మొక్కినావా?"

జీవితమంతా పిల్లలకు ప్రశ్నలు వేసిన మనిషికి సిలబస్‌లో లేని ప్రశ్న వచ్చింది.

"లేదు" అన్నారు చివరికి.

"మొక్కనిదానికి మోటారు పెట్టుకుంటే తప్పేముంది?"

ఆయన చాలాసేపు ఆలోచించి నా దగ్గరికి వచ్చారు. గొంతు తగ్గించి అడిగారు. "నాయనా, ఆ మోటారు సరిగ్గా ఈమె బరువే లాగుతుందా? పొరపాటున నాది గూడా లాగదు గదా?"

తమ్ముడూ, ఇక్కడ నేను ఏం చెప్పాలి? చక్రానికి మనుషులు తెలియరు. మోటారు తోసేది సైకిలును, అందులో ఎవరి వాటా ఎంతో విడదీసే తెలివి దానికి లేదు. ఆ మాట చెబితే ఆయన మళ్లీ మలుపు దగ్గర ఆపేస్తారు. సరిగ్గా ఆమె బరువే లాగుతుందని చెబితే అది నిజమో కాదో ఆ ఇంజనీరు కూడా చెప్పలేడు.

"అమ్మ సన్నంగా ఉండారు గదా సార్. ఒకటో నంబరే పెట్టుకోండి" అన్నాను. అది అబద్ధం కాదు. నిజమని కూడా నేను ప్రమాణం చేయను. ఇప్పటికీ ఆ మాట ఏ గంపలో వేయాలో నాకు తెలియదు.

సెల్వం క్యారియరు తీసి లావు కడ్డీ వేశాడు. మెత్తటి సీటు, కాళ్లకు అడుగు, చీర చక్రంలో పడకుండా అడ్డం జాలీ పెట్టాడు. బలం చూడ్డానికి మా ఓనరును కూర్చోబెట్టి సందు చివరిదాకా తొక్కాడు. క్యారియరు తట్టుకుంది. సెల్వమే తట్టుకోలేకపోయాడు, రెండో నంబరు పెట్టుకున్నాడు. ఓనరు దిగి క్యారియరును తట్టి, "ఇది నన్నే మోసిందంటే ఆయమ్మ దీనికో లెక్కా" అన్నాడు. అయ్యవారు, ఆండాళమ్మ గారు ఇద్దరూ కలిసినా మా ఓనరంత బరువుండరు.

శనివారం

ఆ శనివారం క్యారియరు ఎట్లా ఉందో చూసే నెపంతో నేను స్కూటరు వేసుకుని వాళ్ల వెనక పోయాను. కంపెనీ వద్దన్న పని చేసినప్పుడు వెనక పోయి చూసుకోవాలి. ఇది మాత్రం సందేశమే, వదిలేయొద్దు.

ముందు బుట్టలో తులసిమాల. అది ఆయన వాటా కాబట్టి ఆమెను పట్టుకోనివ్వలేదు. వెనక ఆండాళమ్మ గారు ఒక పక్కకు కూర్చుని, ఒక చేత్తో సీటు, ఇంకో చేత్తో ఆయన ఉత్తరీయం పట్టుకున్నారు. మీటరు వెలుగుతోంది. వీధి మలుపు వచ్చింది. ఆయన చెయ్యి మీటరు దాకా పోయింది, ఆగింది, తిరిగి హ్యాండిలు మీదికి వచ్చింది. మీటరు వెలుగుతూనే ఉంది.

లాడ్జీల ముందు యాత్రికులు తిరిగి తిరిగి చూశారు. పూలమ్మే ఆమె గంపలో నీళ్లు చల్లుతూ ఆపి చూసింది. సిగ్నలు దగ్గర ఒక ఆటో అతను తల బయటికి పెట్టాడు.

"సామీ, కరెంటు సైకిలా?"

"వెనకామెకు మాత్రమే" అన్నారు అయ్యవారు. "నాకు కాదు."

ఆటో అతను నా వంక చూశాడు. నేను పక్కకు చూశాను.

బ్రిడ్జి ఎక్కుడు వచ్చింది. డాక్టరు వద్దన్నది దీన్నే. సైకిలు నెమ్మదించింది. మోటారు సన్నగా మూలుగుతోంది, అయ్యవారి వీపు మీద చొక్కా తడిసిపోతోంది. రెండో నంబరు నొక్కండి సార్ అని అరవాలనిపించింది. అరిస్తే ఆ రెండో నంబరు ఎవరి వాటాలోకి వస్తుందో నేనే చెప్పాల్సి వస్తుంది. నోరు మూసుకున్నాను. వెనక లారీ హారను కొడుతోంది.

ఆండాళమ్మ గారు ముందుకు వంగారు. "నేను దిగి నడిచేదా? ఈ ఎక్కుడు వరకు?"

"దిగొద్దు" అన్నారు అయ్యవారు, తల తిప్పకుండా, ఆయాసపడుతూ. "నువ్వు దిగితే మోటారు ఆపాల్సొస్తుంది. కూర్చో."